యంత్రము మనది, తాళపుచెవి యెవరిది?

మీట నొక్కిన దీపము వెలుగును. తెర ప్రకాశించును. అక్షరము కొట్టిన అక్షరము పడును. అయినను ఆ యంత్రము చచ్చినదట! త్రుప్పు పట్టి కాదు, పిడుగు పడి కాదు, పిల్లవాని చేతినుండి జారిపడి కాదు. సముద్రముల కావలనున్న యొక కంపెనీ తన లెక్కలపుస్తకములో దాని పేరు కొట్టివేసినది గనుక చచ్చినదట! 2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు కంపెనీ తన విండోస్ 10 వ్యవస్థకు సాధారణ రక్షణను నిలిపివేసెను. ధనము చెల్లించియో, కంపెనీ విధించిన నియమములకు లోబడియో కొంతకాలము గడువు పొందవచ్చును. లేదా విండోస్ 11కు మారవలయును. కాని టి.పి.యం. 2.0 అను భద్రతా సాధనము లేని పాత యంత్రములను ఆ క్రొత్త వ్యవస్థ తన గడప త్రొక్కనీయదు. కనుక పనిచేయుచున్న యంత్రమును పారవైచి, పనిచేయు మరియొక యంత్రమును కొనవలయును. దీనికే మన కార్యాలయములలో అభివృద్ధి యని పేరు.

ఇది హైదరాబాదు, బెంగుళూరు నగరముల గొడవ, తునికి దీనితో పనియేమి యని చదువరులలో కొందరనుకొనవచ్చును. పని కలదు; తునివంటి యూళ్లకే యెక్కువ పని కలదు. మహానగరమున కలవారి బిడ్డకు బడిలో నొక యంత్రము, ఇంటిలో నొక యంత్రము, చేతిలో మరియొకటి యుండును. ఒకటి పోయిన రెండు మిగులును. తొండంగి తీరమునుండి వచ్చు మత్స్యకారుని బిడ్డకును, కోటనందూరు మెట్టనుండి వచ్చు రైతుకూలీ బిడ్డకును బడిలోని యంత్రమే మొదటి యంత్రము, అదియే కడపటి యంత్రము. దానిమీద వాడు నేర్చినదే వాని విద్య. దానిలో వానికి మూసివేయబడినదే వాని అజ్ఞానము. అట్టి యంత్రమునకు యజమాని యెవరను ప్రశ్న బీదవాని బిడ్డకు విద్యాప్రశ్న మాత్రమే కాదు, స్వాతంత్ర్యప్రశ్న.

ఈ ప్రశ్నను మనము ఇంతవరకు అడుగలేదు. 2021 జనవరిలో అమ్మఒడి ధనమునకు బదులు లాప్‌టాపు కోరుకొనవచ్చునని 9 మొదలు 12వ తరగతి వరకు గల పిల్లల తల్లులకు నాటి రాష్ట్రప్రభుత్వము తెలిపినప్పుడు, వెల యెంత, మెమొరీ యెంత, ఎవరి హయాములో ఎవరికి లాభమెంత యను వాదములే రచ్చబండలపై వినబడెను. ఆ యంత్రములో నడువబోవు వ్యవస్థ యెవరిది, దానిని విప్పిచూచు హక్కు ఉపాధ్యాయునకు కలదా, లేదా యని అడిగినవాని గొంతు మాకు వినబడలేదు. ఎద్దును కొనునప్పుడు పళ్లు లెక్కించి, సుడులు చూచి, నడిపించి కొనెడు జాతి, బిడ్డ చదువుకు యంత్రము కొనునప్పుడు మాత్రము పైపెట్టె రంగు చూచి కొనుచున్నది.

స్వేచ్ఛా సాఫ్టువేరనగా నేమో ముందుగా తేటపరతుము. యంత్రము స్వయముగా నేమియు నెరుగదు. ఏ క్షణమున నేమి చేయవలయునో మానవుడు వ్రాసియిచ్చిన ఆజ్ఞాపత్రమును అది పాలించును. ఆ పత్రమునకే సోర్సుకోడని పేరు. మూసిన సాఫ్టువేరులో ఆ పత్రమును కంపెనీ తన యినుపపెట్టెలో దాచుకొని, చదువరాని యంత్రభాషలోనికి మార్చిన ప్రతిని మాత్రము మనకమ్మును. అమ్మునని కూడ అనరాదు, నియమములతో వాడుకొననిచ్చును. స్వేచ్ఛా సాఫ్టువేరులో ఆ పత్రము బహిరంగము. ఏ పనికైనను వాడుకొనుట, విప్పిచూచి నేర్చుకొనుట, పొరుగువానికి ప్రతి యిచ్చుట, మార్చి మెరుగుపరచి ఆ మెరుగును లోకమునకు పంచుట, ఈ నాలుగు హక్కులును వాడుకరివి. అమెరికా దేశస్థుడగు రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అను పేర ఈ యత్నమును ప్రకటించెను. 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకీ విద్యార్థియగు లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెలును వెలువరించెను. ఈ రెండును కలిసి పూర్ణమైన వ్యవస్థ యయ్యెను. దీనిలో వెల లేకుండుట ఆనుషంగికము. సంకెల లేకుండుటయే ప్రధానము. వెల లేని సంకెలలను కంపెనీలు బడులకు కావలసినన్ని పంచగలవు, పంచుచునే యున్నవి.

ఇచ్చట నొక మిత్రుడు మమ్ము నిలదీయవచ్చును: ''స్వదేశీ యనుచు మీరు అమెరికావానిని, ఫిన్లండువానిని కొనియాడుచున్నారేమి?'' ఈ ఆక్షేపణకు గోదావరియే ప్రత్యుత్తరము. ధవళేశ్వరమున 1847లో ఆనకట్ట నారంభించి 1852లో ముగించిన ఆర్థర్ కాటన్ ఆంగ్లేయుడే. ఆయన పేరు చెప్పి చేయెత్తి మ్రొక్కు రైతులు డెల్టాలో నేటికిని కలరు. ఆ ఆనకట్ట మనదెట్లయ్యెను? దానిని కట్టిన చేతులు మనవి. దాని తూములెత్తి దించిన లస్కరులు మనవారు. రాతివెనుక రాయి యెట్లు నిలిచినదో మన ఇంజనీర్లు చూచిరి, చదివిరి, నేర్చిరి. అందువలననే ఆ పాత కట్టడము జీర్ణము కాగా 1982 నాటికి దాని చెంతనే క్రొత్త బారేజిని మనవారే నిర్మింపగలిగిరి. ఆ ఆనకట్ట పటములను లండనులో తాళము వేసి, మరమ్మతు కావలసినప్పుడెల్ల ఓడపై మనిషిని పంపెదమనియు, ఫలానా తేదీ తరువాత తూము తలుపు లేవదనియు చెప్పియుండినయెడల, నేడు కోనసీమలో వరిచేను ఉండెడిదా? పుట్టిన దేశమునుబట్టి వస్తువు స్వదేశీ కాదు. మన చేతికి లొంగి, మన బుద్ధికి తెలియబడి, మన యవసరమునకు మారునది స్వదేశీ. లొంగనిది, తెలియనిది, మారనిది మన వీధిలోనే పుట్టినను పరాయిదే.

ఈ సత్యమునకు ఆంధ్రదేశముననే పెద్ద నిదర్శనము కలదు. 2022 జూన్‌లో రాష్ట్రప్రభుత్వము బైజూస్ అను సంస్థతో ఒడంబడిక చేసికొనెను. ఆ యేడు డిసెంబరు 21వ తేదీన మొదలిడి ఎనిమిదవ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును కలిపి 5,18,740 టాబులను పంచబూనెను. ఆ సంస్థ విదేశీది కాదు. బెంగుళూరునందు పుట్టిపెరిగినది, పాఠములను ఉచితముగనే యిచ్చెదనన్నది. ఏమయ్యెను? ఏడాదిన్నర గడచీ గడవకమునుపే, 2024 జూలై 16న ఆ సంస్థపై దివాలా విచారణకు బెంగుళూరు న్యాయస్థానము అనుమతినిచ్చెను. పాఠములు ఆనాడే మాయమయ్యెనని మేము చెప్పము. ఆ పాఠములన్నియు చెడ్డవనియు అనము. మా ప్రశ్న వేరు. ఆ పాఠములో నొక తప్పు దొర్లినచో దిద్దుటకు తుని బడిలోని ఉపాధ్యాయునకు హక్కు కలదా? ఉదాహరణము మార్చి తాండవ జలాశయమును, లోవ తలుపులమ్మ కొండను అందులో చేర్చుటకు వీలు కలదా? సంస్థ కూలిన మరునాడు వేరొకరు ఆ పాఠమును పెంచి పోషించుటకు దారి కలదా? లేదు. అవి సంస్థ సొత్తు. ప్రజాధనముతో కొన్న పలకపై పరాయి సొత్తును వ్రాయించితిమి. వ్రాసినవాడు చిక్కులలో పడగా పలక పట్టుకొని నిలుచుంటిమి.

ఇంకొక వింత కలదు. ఆ టాబులలో నడచు ఆండ్రాయిడ్ వ్యవస్థకు పునాది లినక్స్ కెర్నెలే. అనగా పునాది స్వేచ్ఛది, తలుపు తాళముది. పిల్లలు ఆటలలోను, అశ్లీలములలోను పడకుండ తాళము వేసితిమని అధికారులందురు. ఆ భయము న్యాయమైనదే. తల్లిదండ్రులకును ఆ భయమే కలదు. కాని ఇంటికి తాళము వేయుట వేరు, తాళపుచెవిని ఊరికి దూరముగా నుంచుట వేరు. చెవి ప్రధానోపాధ్యాయుని చేత నుండవలయును. ఏది తెరువవచ్చునో, ఏది మూయవలయునో పిల్లవాని ముఖ మెరిగినవాడు నిర్ణయింపవలయును.

ఇంతకు ముందటి పాఠమును కూడ మరువరాదు. 2008లో ఉమ్మడి రాష్ట్రమున 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చెను. ప్రైవేటు సంస్థలు యంత్రములు పెట్టి, బోధకులను నియమించి, ఐదేండ్లు నడిపి, పిమ్మట బడికప్పగించి పోవునట్లు ఏర్పాటు. గడువు తీరెను. బోధకులు కొలువులు పోయి వీధినపడిరి. యంత్రములు బడికి చేరెను, విద్య చేరలేదు. ఏలయన, నడుపుచున్నంతకాలము నడిపినది కిరాయిచేయి. బడి ఉపాధ్యాయుడు గుమ్మముకడ నిలిచి చూచెను. కొన్నది యంత్రమును, కొనకుండ విడిచినది జ్ఞానమును. ఈ తప్పు విండోసుది కాదు, లినక్సుది కాదు. మన బేరములోని తప్పు. లినక్సు పెట్టినంత మాత్రమున ఈ తప్పు దానంతట తొలగునని చెప్పువాడు మోసగాడు. దానిని తొలగించుటకు వలయునది ఉపాధ్యాయుడు. స్వేచ్ఛా సాఫ్టువేరు ఆ యుపాధ్యాయునకు చోటు చూపును, మూసిన సాఫ్టువేరు చోటు చూపదు.

చోటు చూపినయెడల నేమగునో పొరుగున నున్న కేరళమును చూడుడు. 2001లో ఆ రాష్ట్రము ఐ.టి. ఎట్ స్కూల్ అను కార్యక్రమము నారంభించెను. కొలదియేండ్లలో బడుల యంత్రములను స్వేచ్ఛా సాఫ్టువేరుకు మరల్చెను. 2017లో ఆ కార్యక్రమమే కైట్ అను ప్రభుత్వసంస్థ యయ్యెను. ఉపాధ్యాయులే శిక్షకులు, వారే తమ పాఠ్యప్రణాళికకు తగినట్లు వ్యవస్థను కూర్చి బడులకు పంచుచున్నారు. రెండు లక్షలకు పైబడిన యంత్రములకు మూసిన సాఫ్టువేరును కొనియుండినచో కాదగిన వ్యయములో 3,000 కోట్ల రూపాయలు మిగులుచున్నవని 2019లో ఆ సంస్థ లెక్క చూపెను. ఆ లెక్కను వేయువారు ఎట్లు వేసినను, కొంత తగ్గించి చూచినను, పేదదేశమునకు అది చిల్లరధనము కాదు. అంతకంటె గొప్ప లాభము వేరొకటి కలదు: కేరళపు మాస్టరు తన యంత్రమునకు తాను వైద్యుడు, మన మాస్టరు ఫోను పట్టుకొని కంపెనీవాని కొరకు ఎదురుచూచు రోగి బంధువు.

ఢిల్లీ ప్రభుత్వము దీని నెరుగదా? ఎరుగును. పాఠశాలలలో సమాచార సాంకేతిక విద్యకై 2012లో వెలువడిన జాతీయ విధానము స్వేచ్ఛా సాఫ్టువేరుకు ప్రాధాన్యమీయవలెనని చెప్పినది. 2015లో కేంద్రప్రభుత్వము తన కార్యాలయములలో ఓపెన్ సోర్సు సాఫ్టువేరును స్వీకరించు విధానమును ప్రకటించినది. చెన్నపట్టణమున సి-డాక్ సంస్థ బాస్ అను భారతీయ లినక్సును 2007లోనే వెలువరించినది. విధానము కలదు, వ్యవస్థ కలదు. లేనిది టెండరు కాగితముపై నొక్క పంక్తి. అలమారలో విధానము, ఆచరణలో విధేయత! దాస్యము మనకు చట్టము వలన రాలేదు. అలవాటు వలన వచ్చినది.

ప్రతిపక్షమువారి వాదములను తప్పించుకొని పోవుట మాకిష్టము లేదు. మొదటివాదము ఉద్యోగముది. ''లోకమంతయు విండోసు వాడుచుండగా మన పిల్లలకు లినక్సు నేర్పి వారి నోటిదగ్గరి కూడు తీయుదురా?'' అందురు. ఏ లోకము? 2017 నవంబరు మొదలు లోకమునందలి మేటి 500 సూపర్‌కంప్యూటర్లన్నియు లినక్సుపైననే నడచుచున్నవి. ఇంటర్నెట్టు సర్వరులలో హెచ్చుపాలు దానిపైననే నడచుచున్నవి. హైదరాబాదులో గొప్పజీతములు తెచ్చికొను మన గోదావరి యువకులు కళాశాల విడిచిన పిమ్మట డబ్బుపోసి నేర్చుకొనుచున్నది దానినే. బల్లమీది గుమాస్తాపనికి విండోసు, దాని వెనుకనున్న యంత్రశాలకు లినక్సు. మన బిడ్డలను గుమాస్తాలుగానే తీర్చవలయునని ముందుగా నిశ్చయించుకొన్నవారు మాత్రమే మొదటిదానితో తృప్తిపడవలయును. పైగా లిబ్రే ఆఫీసులో పట్టిక గీయనేర్చిన పిల్లవాడు మరియొకదానిలో పట్టిక గీయుటకు ఎంతో కాలము పట్టదు. ఒక సైకిలుపై నేర్చినవాడు వేరొక సైకిలుపై పడిపోవునా?

రెండవవాదము మరమ్మతుది. ''చెడిపోయినచో ఎవరిని పిలుతుము?'' అందురు. ఇప్పుడెవరిని పిలుచుచున్నారు? తునిలోను, పాయకరావుపేటలోను మరమ్మతు దుకాణములు పెట్టుకొని బ్రదుకుచున్న కుర్రవారినే గదా! మూసిన వ్యవస్థలో ఆ కుర్రవాడు చేయగలిగినది తుడిచి మరల నెక్కించుట. తెరచిన వ్యవస్థలో వాడు కారణము వెదకగలడు, మార్పు చేయగలడు, దానిని లోకమునకు పంపగలడు. లైసెన్సుల పేర సముద్రము దాటు రూపాయిలో పావలా ఈ దుకాణముల వీధిలో దిగినను వాని విద్య పెరుగును, మన యూరి సొమ్ము మన యూరిలో తిరుగును.

మూడవవాదము కానుకది. ''కంపెనీ బడులకు ఊరకనే యిచ్చుచున్నదే, ఏల కాదనవలయును?'' అందురు. ఊరక యిచ్చు చేయి పన్నెండేండ్ల పిల్లవానికిచ్చును. ఇరువదిరెండేండ్ల యుద్యోగియొద్ద వసూలు చేయును. అలవాటు ముందు, బిల్లు తరువాత. అంతేకాదు, ఏ పిల్లవాడు ఏ ప్రశ్నకడ తడబడెను, ఎంతసేపు చూచెను, ఏమి వెదకెను అను వివరములు కూడ కొన్ని కానుకలకు చాటువెలయై యుండును. పసివారి జాడ తీయుటను నిషేధించుచు 2023లో చట్టము పుట్టినది. చట్టము మంచిదే. కాని లోపల నేమి జరుగుచున్నదో విప్పిచూడరాని యంత్రములో చట్టభంగమును పట్టుకొనువాడెవడు?

ఇక తెలుగుమాట. మూసిన వ్యవస్థలోనికి తెలుగు కంపెనీవారి దయచే వచ్చును, వారి లెక్క తప్పిన దినమున పోవును. తెరచిన వ్యవస్థలోనికి తెలుగు తెలుగువాని శ్రమచే వచ్చును. 2005లో మొలకెత్తిన స్వేచ్ఛ సంస్థవారు తెరపై ప్రతి మాటయు తెలుగున కనబడు లినక్సును కూర్చిరి. బడిపిల్లలకై బాలస్వేచ్ఛను వేరుగా తీర్చిరి. దీనికై వారెవరి యనుమతియు కోరలేదు, కోరనక్కరలేదు. సిలికానాంధ్ర వారు గిడుగు, గురజాడ, మల్లన్న, పెద్దన, రామరాజ మొదలగు పేర్లతో యూనికోడు ఫాంటులను అందరికిని స్వేచ్ఛగా విడిచిరి. దీనికి మారుగా మూసిన ఫాంటుల కాలమున మనమెట్లు బాధపడితిమో డి.టి.పి. దుకాణమెక్కిన ప్రతివాడును ఎరుగును: ఒక దుకాణమున కూర్చిన తెలుగు పుస్తకము వేరొక దుకాణమున తెరువగా పిచ్చిగీతలై కనబడెడిది. తన భాషలో తాను వ్రాసినదానిని తాను చదువలేని దుర్గతి ఏ జాతికి పట్టినది? వీరేశలింగముగారు నడిపిన వివేకవర్ధని పుట్టిన గోదావరిమండలమునకు, స్వంత ముద్రాక్షరశాల విలువ వేరొకరు చెప్పవలయునా?

కావున మేము కోరునవి గొంతెమ్మ కోరికలు కావు. ప్రజాధనముతో బడికి కొను ప్రతి లాప్‌టాపును, ప్రతి టాబును స్వేచ్ఛా వ్యవస్థతో నడువగలదై యుండవలయునని టెండరులోనే వ్రాయవలయును. అధికారపు సంకేతపదము బడిచేత నుండవలయును. ప్రజాధనముతో చేయించిన పాఠము ప్రజల సొత్తు కావలయును. దానిని ప్రతి తీయుటకు, దిద్దుటకు ప్రతి ఉపాధ్యాయునకు హక్కుండవలయును. లైసెన్సులలో మిగిలిన ధనమును ఖజానాలో మరుగుపరుపక ఉపాధ్యాయుల శిక్షణకు వెచ్చింపవలయును. పాతయంత్రములను తుక్కుక్రింద వేలమువేయుటకు ముందు, తేలికపాటి లినక్సు నెక్కించి పరీక్షింపవలయును.

ప్రభుత్వము కదలువరకు తుని చేతులు కట్టుకొని యుండనక్కరలేదు. పట్టణమున ఇంజనీరింగు చదివిన యువకులకు కొదువ లేదు. పండుగకు ఊరికి వచ్చినప్పుడు, ప్రధానోపాధ్యాయుని అనుమతితో, ఒక ఆదివారము బడిలో గడుపుడు. మూలనున్న యంత్రములలో రెంటిని తెరిచి, దుమ్ము దులిపి, లినక్సు నెక్కించుడు. పసివారికి టక్స్ పెయింటును, పెద్దపిల్లలకు నక్షత్రములను చూపు స్టెల్లేరియమును పెట్టుడు. పిల్లలను ప్రక్కన నిలుపుడు. వారే మీట నొక్కవలయును, వారే తప్పు చేయవలయును, వారే దిద్దుకొనవలయును. పఠనమందిరములవారు తమ బల్లమీద అట్టి యంత్రమొకటి యుంచుడు. 1910లో బందరున ఆంధ్రజాతీయ కళాశాలను నెలకొల్పిన మహనీయులు అక్షరముతోపాటు చేతిపనిని నేర్పిరి. 1914లో బెజవాడలో సభచేరిన గ్రంథాలయోద్యమమువారు పుస్తకమును బీరువానుండి విడిపించి బీదవాని చేతికిచ్చిరి. వారికి సర్కారు ముందుగా ఉత్తరువు లిచ్చెనా?

అంటించిన పుటలు గల పుస్తకమును బడికి కానుకగా తెచ్చి, పైయట్ట చూచి చదువుకొమ్మనువానిని మనమేమందుము? ఆ పుస్తకమునకు వెలకట్టి, ఏటేట అద్దె చెల్లించి, గడువు తీరగనే తగులబెట్టుమన్నచో నేమందుము? నేటి బడియంత్రము అట్టి పుస్తకమే. బిడ్డ కుతూహలముతో లోపలనేమున్నదని అడుగును. చూడరాదని చెప్పుట ఏ దేశమునను విద్య కాదు. తుని తల్లిదండ్రులారా, ఈమారు బడి సమావేశమునకు పోయినప్పుడు ఒక్క ప్రశ్న అడుగుడు: ఈ యంత్రపు తాళపుచెవి యెవరియొద్ద కలదు? బడియొద్ద కలదను సమాధానము వచ్చువరకు అడుగుట మానకుడు.